మూడు గడపల పట్నం

బాలమల్లు బతుకంతా నేల వైపు వంగే గడిచింది. పదేళ్ల వయసులో గొర్రెల కాలిజాడల కోసం వంగాడు. పెళ్లయ్యాక ఆదివారాలు మల్లన్న పట్నాలు వేయడానికి వంగాడు. ఇప్పుడు యాభై మూడో ఏట, గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ ఆరో అంతస్తులో, నీలం చొక్కా తొడుక్కుని తడిగుడ్డ కర్రతో వంగుతున్నాడు. వంగే పనులు మారాయి కానీ నడుము అదే.

కనకమామిడి చుట్టూ ఒకప్పుడు బీళ్లుండేవి. ఐటీ కంపెనీలు వచ్చిన కొత్తలో అవి ఒక్కొక్కటిగా గోడల లోపలికి వెళ్లిపోయాయి. గోడ వెనక ఫాంహౌసు, గేటు ముందు కాపలావాడు. మంద గోడ పొడవునా నడిచేది. లోపలి గడ్డి వాసన బయటికి వచ్చేది, గొర్రెలు ఆగి మూతులెత్తి నిలబడేవి. ఆ చూపు చూడలేక ఒక ఎండాకాలం మందను అమ్మేశాడు. తెలిసినవాళ్లు ఆఫీసులో నేల తుడిచే పనికి పెట్టించారు. నేలలు తనకు తెలుసు కదా అనుకుని చేరాడు.

ఆదివారాలు మాత్రం ఇంకా అతనివే. వాళ్లది మల్లన్న కథ చెప్పి పట్నాలు వేసే ఒగ్గు పూజారుల ఇల్లు. ఎవరైనా మొక్కు తీర్చుకోవాలంటే కబురు పెడతారు. పొద్దున్నే వెళ్లి, అలికిన వాకిట్లో తెల్లపిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి, బొగ్గుపొడి చిటికెలతో దేవుడికి ఒక ఊరు గీస్తాడు. పట్నమంటే అదే. నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు, దర్వాజకొక గడప. డోలు మోగుతుంది. మల్లన్న, ఆయన ఇద్దరు భార్యలు వచ్చి కూర్చున్నట్టు కథ సాగుతుంది. చివరికి గీసినవాడే గజ్జెలు కట్టుకుని ఆ ఊరి మీద అడుగులేస్తూ దాన్ని చెరిపేస్తాడు. చెదిరిన పొడిని జనం నుదుట పెట్టుకుని ఇళ్లకు పోతారు. మధ్యాహ్నానికి వాకిట్లో మిగిలేది ఒక పసుపు మరక.

బాలమల్లు ఇంటి పద్ధతిలో నాలుగో గడప ఆఖరున వేస్తారు. ఇంటాయన ముందుకొచ్చి ఇంటిపేరు చెప్పాకే వేస్తారు. అది వేశాక ఇక దేవుణ్ని పిలిచినట్టే. పిలిచాక తొక్కి పంపకుండా ఎవరూ లేవకూడదు.

ఈ ఆఖరి మాట అతనికి ఎవరూ చెప్పి నేర్పలేదు. పన్నెండేళ్లప్పుడు తమ ఊరి దగ్గరి ప్రొద్దుటూరు పల్లెలో కళ్లారా చూశాడు. వాళ్ల బాపు ఒక ఇంట్లో పట్నం వేసి, పేరు చెప్పించుకుని, నాలుగో గడప దిద్దాడు. డోలు మీద దెబ్బ పడకముందే ఆ ఇంటి అన్నదమ్ములకు మాటామాటా వచ్చింది. పెద్దాయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లూ లేచిపోయారు. ఇంటాయన లేకుండా తొక్కడానికి లేదు. బాపు మూడు రోజులు ఆ పట్నం అంచున కూర్చున్నాడు. కోళ్లను తోలాడు. చీమలు పిండి గీతను మోసుకుపోతుంటే మళ్లీ మళ్లీ పోశాడు. అన్నం ముట్టలేదు. నాలుగో రోజు పెద్దాయన తిరిగొస్తే తొక్కి, ఇంటికి వచ్చి మంచం మీద పడి ఒక్కటే అన్నాడు. "పిలిచినోళ్లను గంతసేపు నిలబెట్టినం రా మల్లుగా."

ఆ మూడు రోజుల బాపు ముఖం బాలమల్లు కళ్లలో అలాగే ఉండిపోయింది.

*

చేవెళ్ల నుంచి వచ్చే పొద్దుటి బస్సులో ప్రవళిక అతనికి సీటు పట్టి ఉంచుతుంది. చేవెళ్లలో భూములున్న ఇంటి పిల్ల, ఇరవై నాలుగేళ్లది. అతను తుడిచే ఆరో అంతస్తులోనే పనిచేస్తుంది. విదేశీ కంపెనీలు తయారుచేసే కంప్యూటర్ ఆటలకు ఊళ్లు, కోటలు, గుళ్లు గీసిపెట్టడం ఆమె పని. ఎవరూ కాపురముండని ఊళ్లు. పొద్దున సగం నిద్రలో వెళ్తుంది, సాయంత్రం పూర్తి నిద్రలో తిరిగొస్తుంది.

ఆ నెలలో ఆమె గీసిన గుడి మూడుసార్లు తిరిగొచ్చింది. ఆట చేయించుకునేవాళ్లు రాసింది ఒకే మాట: ఇది ఎక్కడైనా ఉండగలిగిన గుడి, మాకు ఎక్కడా లేని చోటు కావాలి, కానీ ఎక్కడో ఉన్నదని నమ్మేలా ఉండాలి. నాలుగోసారీ కాకపోతే ఆ పని మరొకరికి పోతుంది. ఉద్యోగంలో ఆమె సొంతంగా అందుకున్న మొదటి పని అది.

మొయినాబాద్ దాటుతుండగా ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"కాక, నువ్వు పట్నాలేస్తవట గదా? మా నాయనమ్మ చెప్పింది. మా ఇంట్ల ఏసింది మీ బాపేనట."

"మా బాపు ఎయ్యని ఇల్లు ఏది బిడ్డ ఈ దిక్కు."

"నేను చూసిన. ఏడేండ్లుంటయి నాకు. సగం చూసేసరికి మా అమ్మ గుంజుకపోయి స్కూలు ఆటోల ఏసింది, పరీక్ష ఉన్నదని. ఇంటికొచ్చి చూస్తే ఏం లేదు. ఊడ్చేసిన్రు అనుకొని ఏడ్చిన."

బాలమల్లు నవ్వాడు.

"నాకొకటి ఏసి చూపియ్యవా? ఆటల పెడ్త. ఒక రాజ్యం ఉంటది కాక. అండ్ల గుడి. గుడి నడుమ, నేల మీద."

"ఆ రాజ్యం యాడున్నది?"

"యాడ లేదు. మేమే పుట్టిస్తున్నం."

"దేవుడెవలు మరి?"

"ఇంక పేరు పెట్టలే."

వెనక సీట్లో పూలగంపతో కూర్చున్న ఆమె కల్పించుకుంది. "పేరు లేని దేవునికి గుడి ముందే కడ్తున్నరా? మా ఊళ్లె పేరున్న దేవునికే పైకప్పు లేదు."

ప్రవళిక కూడా నవ్వింది కానీ ఆమె కళ్లు నవ్వలేదు. వాటి కింద బొగ్గుపొడి రాసినట్టు నలుపు. "నాలుగోసారి కూడ వాపస్ వస్తే నాతోని కాదు కాక," అంది కిటికీ వైపు తిరిగి. ఆ పిల్ల తన సీటు మీద రోజూ సంచి పెట్టి ఎంతమందితో మాటలు పడి తన కోసం ఉంచుతుందో బాలమల్లుకు తెలుసు. సరేనన్నాడు.

ఇంట్లో భార్య సాయమ్మ మాత్రం చేటలో బియ్యం చెరుగుతూ చెయ్యి ఆపింది.

"ఎవని పేరు మీద ఏస్తవయ్య?"

"ఆఫీసు పేరు మీద."

"ఆఫీసుకు ఇంటిపేరు ఏంది? ఇంటాయన ఎవడు, నిన్ను టీ తెమ్మనేటోడా?" చెరగడం మళ్లీ మొదలుపెట్టింది. "మీ బాపు మూడొద్దులు కూసున్నడు. నువ్వు ఆరో అంతస్తుల ఎన్నొద్దులు కూసుంటవో కూసో. సద్ది కట్టి పంపుత."

*

ఆదివారం పొద్దున ఆఫీసు మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, బాలమల్లు పొడుల డబ్బాలు తెరిచాడు. నిచ్చెన మీద ప్రశాంత్ కెమెరాతో కూర్చున్నాడు. అతను ప్రవళికకు పై అధికారి, బెజవాడ వైపు మనిషి, వారంగా గడ్డం గీసుకోలేదు. కింద రోడ్ల మీద ఆదివారం కాబట్టి కార్లు తక్కువ. దూరంగా కొత్త మేడల క్రేన్లు కదలకుండా కొంగల్లా నిలబడి ఉన్నాయి.

వేళ్ల మధ్య నుంచి తెల్లగీత జారింది. మోకాలు కలుక్కుమంది, అటు జరిగాడు. ఎర్రటి గది, పచ్చటి గది, బొగ్గు అంచు. తూర్పు గడప వేశాడు. ఉత్తరం గడప. దక్షిణం గడప. ప్రవళిక పక్కనే గొంతుక్కూర్చుని చూస్తోంది. ఏడేళ్లప్పుడు సగంలో ఆగిన చూపు ఇప్పుడు పూర్తవుతోందని ఆ పిల్ల అనుకుంటోంది.

పడమర గడప దగ్గరికి వచ్చి బాలమల్లు ఆగాడు.

చిన్నప్పుడు గొర్రెల దొడ్లో బాపు చెయ్యి తిప్పించేటప్పుడు మూడు గడపలే వేయించేవాడు. అది నేర్చుకునే పట్నం, కచ్చాది. నాలుగోది లేదు కాబట్టి ఎవరినీ పిలిచినట్టు కాదు, ఎవరైనా చీపురుతో ఊడ్చేయొచ్చు. దాని మీద గొర్రెపిల్లలు గెంతేవి.

"అయిపోయిందా అంకుల్?" నిచ్చెన మీంచి ప్రశాంత్ అడిగాడు.

బాలమల్లు లేచి నిలబడ్డాడు. చేతులు దులుపుకున్నాడు.

"అయింది సార్."

ఫోటోలు తీశారు. ట్యాంకు నీడ పడమర వైపు కొంచెం పడింది. ప్రశాంత్ దిగేసరికి బాలమల్లు చీపురు పట్టుకుని ఉన్నాడు.

"అయ్యో, అప్పుడే ఊడ్చేస్తున్నారేంటండీ? ఇంత కష్టపడి?"

"ఉంచేది కాదు సార్ ఇది," అన్నాడు బాలమల్లు. అందులో అబద్ధం లేదు. ముందు చెప్పిన 'అయింది' అన్న మాటలోనే ఉంది. ఇంటికి పోయే బస్సులో ఆ మాట వేళ్ల సందుల్లో పిండిలా అంటుకుని ఉంది.

*

గుడి నాలుగోసారి తిరిగి రాలేదు. బాగుందని ఉత్తరం వచ్చింది. ప్రవళిక ఆ పూట అంతస్తులో అందరికీ బాలూషా మిఠాయిలు పంచి, బాలమల్లు చేతిలో రెండు పెట్టింది. "నీ వల్లనే కాక. ఇది మా మట్టిది, మా ఊళ్లది అని రాసిన వాళ్లకు. నిజంది అని."

మూడు రోజుల తర్వాత, ఎవరూ రాని పొద్దున, బాలమల్లు ప్రవళిక బల్ల తుడుస్తుంటే తెర వెలిగింది. నల్లటి రాతి గుడి. పైకప్పు నుంచి వెలుగు ఒక్క చోట పడుతోంది. ఆ వెలుగులో అతని పట్నం. అతని చిటికెల ఒరవడి, అతని మోకాలు జరిగిన చోట సన్నబడిన గీత కూడా అలాగే ఉంది. ఇంత దూరం వచ్చావా అన్నట్టు చూశాడు. గడపలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు.

నాలుగు.

తడిగుడ్డ నుంచి నీళ్లు చెప్పుల మీద కారాయి. మళ్లీ లెక్కపెట్టాడు.

టీ వేళకు ఆమె బల్ల మీద కప్పు పెడుతూ మెల్లగా అడిగాడు. "బిడ్డ, గీ నాలుగోది ఎవలేసిన్రు?"

"ఏది? ఓ, అదా. మేమేం ఏస్తం కాక. ఒక్క మూల తీస్కొని, అద్దంల చూపించినట్టు మిగిలిన మూడు దిక్కులకు తిప్పినం. ఒక్క బటన్. ఫోటోల ఆ దిక్కు నీడ పడి గడప కనబడలే."

"మరి దీని మీద ఎవలన్న తొక్కుతరా?"

"అమ్మో, తొక్కితే ఖతం. కాలిపోతడు. ఆ పక్కన సందుల నుంచి పోవాలె. అదే ఆట."

మొత్తం దేశదేశాల్లో ఎంతమంది ఆడతారని అడిగాడు. లక్షల మంది ఉండొచ్చంది. లక్షల ఇళ్లలో వేసిన పట్నం. పిలుపు అయిపోయింది. పంపేవాడు ఒక్కడూ లేడు. బాలమల్లు ఖాళీ కప్పులు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు ప్రవళిక ఎక్కే బస్సు కంటే ముందు బస్సుకే పోయాడు. అయిదో రోజు సాయంత్రం అప్పా జంక్షన్ దగ్గర, బస్సుల పొగలో, ప్రవళిక ఎదురొచ్చి నిలబడింది.

"నాలుగొద్దులసంది నీ సీటు కాడ సంచి పెట్టి తిట్లు తింటున్న. నామీద కోపమొచ్చిందా?"

"నీ మీద కాదు బిడ్డ. నేనే నీకు దగా చేసిన."

ఆ పొగలోనే నిలబడి అంతా చెప్పాడు. బాపు మూడు రోజుల సంగతి, గొర్రెల దొడ్డి సంగతి, నీడ కాదని, తనే వేయలేదని. చేవెళ్ల బస్సు ఒకటి వచ్చి పోయింది.

"అంటే నాకు కచ్చాది ఇచ్చినవా?"

"అవ్."

"నిజంది అని నేను రాసిచ్చిన కాక."

"నిజంది ఇస్తే నాకు భయమయ్యింది. కచ్చాదే అనుకొని మనసు నిమ్మలం చేస్కున్న. నువ్వేమో ఒక్క బటన్‌తోని నిజం చేసినవ్." నవ్వబోయాడు, రాలేదు. "నీ తప్పు లేదు. నీకేం ఎరుక."

ఆమె రోడ్డు పక్క దిమ్మె మీద కూలబడింది. ఏడేళ్లప్పుడు ఆటోలో కూర్చున్న పిల్లలా ఉంది. "ఊడ్చేసిన్రు అనుకున్న అప్పుడు. తొక్కుతరని ఎవ్వరు చెప్పలే నాకు." తలెత్తి అడిగింది. "ఇప్పుడేం చెయ్యాలె? బేస్తారం మొత్తం పంపుడున్నది."

"తొక్కాలె బిడ్డ. అంతకంటె నాకు తెల్వదు."

*

మర్నాడు ఆమె ప్రశాంత్ దగ్గరికి వెళ్లింది. నడుస్తుంటే ఆ రంగులు చెరిగేలా చేద్దామంది.

"నేల చెరగాలంటే ఆట బరువెక్కుతుంది ప్రవళికా. వాళ్లు ఓకే అన్నదాన్ని మళ్లీ కదుపుతామా? ఎవరడిగారు?"

"బాలమల్లు కాక."

"హౌస్‌కీపింగ్ అంకులా?" ప్రశాంత్ అరచేతులతో కళ్లు రుద్దుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు, అతని ముందు ఇంకా పదకొండు గుళ్లున్నాయి. "చూడు, నేను కాదనట్లేదు. కుదరదంటున్నాను. అంతే."

మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు ఆమె బాలమల్లును తన కుర్చీలో కూర్చోబెట్టింది. అంతకుముందు ఆ కుర్చీల్లో అతను ఎప్పుడూ కూర్చోలేదు, తుడవడమే. నాలుగు మీటలు చూపించింది. ముందుకు, వెనక్కు, ఇటు, అటు. తెర మీద కత్తి పట్టుకున్న ఒక వీరుడు గుడి వాకిట్లో నిలబడ్డాడు.

బాలమల్లు తూర్పు గడప దాటించాడు. మూడడుగులు వేశాడు వీరుడు. భగ్గున మండి పడిపోయాడు. మళ్లీ వాకిట్లో లేచాడు. ఈసారి ఉత్తరం నుంచి. మూడడుగులు, మంట. దక్షిణం నుంచి. మూడడుగులు. బాలమల్లు పెదాలు కదులుతున్నాయి. కథలో మల్లన్నను సాగనంపే చరణాలు అవి. డోలు లేదు, గజ్జెలు లేవు, ఏసీ హోరు మాత్రం ఉంది. తొమ్మిదిసార్లు ఆ వీరుడు చచ్చాడు. తొమ్మిదిసార్లకు ఇరవై ఏడడుగులు. పట్నం మీద ఒక్క చిటికె పొడి చెదరలేదు. అది అప్పుడే వేసినట్టు వెలుగుతూనే ఉంది.

పదోసారి అతను మీట నొక్కలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెరగదు బిడ్డ ఇది."

"చెరగదు కాక."

"అలిసిపోయిన." కుర్చీ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. మూసుకునే అన్నాడు. "గడప తీసెయ్యరాదు? పడమరది. నేనెట్ల ఇచ్చిన్నో గట్ల. అప్పుడది ఎవల పట్నం కాదు. ఎవల్ని పిలిచినట్టు కాదు. ఎంతమంది ఆడుకున్నా ఫికర్ లేదు."

ప్రవళిక తెర వైపు చూసింది. నాలుగు వైపులా ఒకేలా ఉన్న ఆ గుడి ఆమె రెండు నెలల కష్టం. ఒక వైపు తీసేస్తే అది పొరపాటులా కనిపిస్తుంది, ఆ పొరపాటు కింద ఆమె పేరే ఉంటుంది. వంగి, మీటల మీద చెయ్యి పెట్టింది. పడమర గడప ఒక్క క్షణం మెరిసి పోయింది. ఆ చోట నల్లరాయి మిగిలింది.

బేస్తవారం నాడు ఆటంతా కంపెనీకి వెళ్లిపోయింది. శుక్రవారం తిరిగొచ్చింది ఒక్కటే. ఆట పరీక్షించేవాళ్లు ఎర్రగీత కింద రాశారు: పడమర వైపు నమూనా అసంపూర్తిగా ఉంది, సరిచేయగలరు.

ప్రశాంత్ ఆ కాగితం ఆమె బల్ల మీద పెట్టాడు. తెర చూశాడు, ఆమెను చూశాడు. నిచ్చెన మీద కూర్చుని తను తీసిన ఫోటో గుర్తొచ్చినట్టుంది.

"తెలిసే చేశావా?"

"తెలిసే."

"వచ్చే రివ్యూలో నిన్నే అడుగుతారు. నేను కలగజేసుకోను."

"సరే."

అతను వెళ్లాక ఆమె జవాబు రాసింది. రాసి చెరిపి, చివరికి ఇంత ఉంచింది: ఇది పొరపాటు కాదు. ఈ గడప ఇంటివాళ్లు పేరు చెప్పినప్పుడే వేస్తారు. ఇక్కడ ఇల్లు లేదు. ఖాళీగానే ఉండాలి.

సోమవారం దానికి జవాబు వచ్చింది. సరే. అంతే ఉంది అందులో, ముందూ వెనకా ఏమీ లేదు.

*

మంగళవారం పొద్దున కనకమామిడి స్టేజీలో బస్సు ఆగింది. ప్రవళిక సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. బాలమల్లు సీట్లో కూర్చుని కాలు చాపుకున్నాడు. ఆదివారం ఎవరింట్లోనో పట్నం వేసినట్టున్నాడు, గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు.

"మూడే పోయినయి కాక."

"ఎవలన్న అడిగిన్రా?"

"అడిగిన్రు. గట్లనే ఉండాలె అని రాసిన."

"ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు. నన్ను రివ్యూల అడుగుతరట. అడగనీ."

బాలమల్లు తల ఊపాడు. ఆమె ముఖం చూశాడు, బొగ్గుపొడి అలాగే ఉంది. "నాయనమ్మకు చెప్పు," అన్నాడు. "వచ్చే కార్తికంల మీ ఇంట్ల ఏస్త. మొత్తం చూడు. పరీక్ష ఉన్నా పోవద్దు."

"నువ్వే తొక్కాలె."

"మోకాళ్లు ఉంటె."

బస్సు గోడల పక్కగా సాగింది. గోడల మీంచి బోగన్‌విల్లా పూలు బయటికి వేలాడుతున్నాయి. మొయినాబాద్ రాకముందే నిద్రలో అతని తల కిటికీ ఊచకు వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. వేళ్లు ఒళ్లో, ఏదో పొడి పట్టుకున్నట్టు, చిటికెలా కలిసి ఉన్నాయి.

అప్పా జంక్షన్‌లో గచ్చిబౌలి ఆటోల కోసం అందరూ దిగారు. కండక్టర్ తొందరపెట్టాడు. ప్రవళిక అతని భుజం మీద చెయ్యి వేసింది, లేపకుండా కాసేపు అలాగే ఉంచింది. బయట గచ్చిబౌలి ఆటో ఒకటి నిండి వెళ్లిపోయింది. ఇంకోటి నిండుతోంది. అదీ పోనిచ్చింది.